గాస్ ట్రబుల్ అను ఒక్క మాట

తెలుగునాట కడుపునకు సంబంధించిన బాధ ఏది కలిగినను ఇంటిలో ముందుగా వినవచ్చు మాట ‘గాస్ ట్రబుల్’. భోజనము చేసిన పిదప పొట్ట ఉబ్బినను గాసే. పులిత్రేనుపులు వచ్చినను గాసే. గుండెలో మంట పుట్టినను, వీపున పోటు పొడిచినను, తుదకు ఎడమభుజము లాగినను గాసే. వీధిమూలనున్న మందుల దుకాణములో ఆ మాట చెప్పినచో చాలును, బిళ్ళ ఒకటి చేతికి వచ్చును. మా ఆరోగ్య కార్యక్రమములకు శ్రోతలు వ్రాయు ఉత్తరములలో సైతము ఈ మాట తరచుగా కనుపించును. ఇంగ్లీషు మాటయే యైనను అది మన భాషలో ఇంకిపోయినది. అయితే వైద్యశాస్త్రములో ఆ పేరుగల వ్యాధి లేదు. అది పెక్కు వ్యాధులను ఒకేసారి కప్పివేయు దుప్పటి వంటిది. ఆ దుప్పటి క్రింద నున్నది నిరపాయమైన వాయువా, పుండా, పిత్తాశయములోని రాయియా, గుండెపోటా అని విడదీసి చూచుటయే జీర్ణకోశ రక్షణకు తొలిమెట్టు.

మొదట నిజమైన వాయువు సంగతి చూతము. కడుపులో వాయువు పుట్టుట రోగము కాదు. ఆరోగ్యవంతుడు దినమునకు 10 మొదలు 20 పర్యాయముల వరకు అపానవాయువును విడుచుట సహజము. ఈ వాయువు రెండు దారుల వచ్చును. మొదటిది, తినునపుడును త్రాగునపుడును మనము మ్రింగు గాలి. గబగబ తినువారు, సోడాలు త్రాగువారు, కిళ్ళీ నమలుచుండువారు గాలిని అధికముగా మ్రింగుదురు. అది త్రేనుపుగా వెలువడును. రెండవది పెద్దప్రేగులో పుట్టునది. చిన్నప్రేగు సుమారు 20 అడుగుల పొడవుండును. అందులో అరుగక మిగిలిన పదార్థమును, 5 అడుగుల పెద్దప్రేగులో నివసించు సూక్ష్మజీవులు పులియబెట్టును. కంది, మినుము, శనగ, చిక్కుడు మొదలగు వానిలో మన ప్రేగులు అరిగించుకొనలేని చక్కెరలు కొన్ని కలవు. అందుచేతనే పప్పుధాన్యములు వాయువును పెంచును. శనగలను రాత్రి నానబెట్టి, ఆ నీరు పారబోసి, మెత్తగా ఉడికించినచో ఆ చక్కెరలు కొంత తగ్గును.

పాల విషయమును ఇట్టిదే. పాలలోని చక్కెరను అరిగించు రసము మన దేశమున పలువురిలో బాల్యము గడచిన కొలది తగ్గిపోవును. అట్టివారికి గ్లాసెడు పాలు ఉబ్బరమును కలిగింపగా, పెరుగు, మజ్జిగ సుఖముగా అరుగును. తోడులోని సూక్ష్మజీవులు ఆ చక్కెరలో కొంత భాగమును ముందుగనే వాడుకొనియుండుటయే ఇందుకు కారణము. ఇంతవరకు భయపడవలసినది ఏమియు లేదు. తినుబండారముల మార్పుతో తగ్గునది, బరువు తగ్గింపనిది, నిద్ర చెరుపనిది అగు ఉబ్బరము ఇంటిలోనే చక్కబడును.

భయపడవలసినది మరొకచోట ఉన్నది. గుండె అడుగుభాగమునకు రక్తము అందనపుడు వచ్చు పోటు, పొట్ట పైభాగమున మంటగను, వికారముగను, వాంతిగను కనుపించుట కలదు. మధుమేహరోగులలోను, వృద్ధులలోను, స్త్రీలలోను ఛాతీనొప్పి స్పష్టముగా లేకయే ఇట్లు జరుగవచ్చును. ఇంటివారు వాము నమిలించుటలోను, సోడా త్రాగించుటలోను, వీపు నిమురుటలోను గంటలు గడచిపోవును. గుండె కండరమునకు ఆ గంటలే ప్రాణము. మంటతోపాటు చెమట పట్టినను, ఆయాసము వచ్చినను, నొప్పి దవడకు గాని భుజమునకు గాని పాకినను, నడచినపుడు హెచ్చి నిలిచినపుడు తగ్గినను, అది గుండెకు సంబంధించినదే యని ముందుగా భావింపవలెను. వెంటనే 108కి ఫోను చేయవలెను. 2005లో హైదరాబాదున ఆరంభమైన ఆ సేవ నేడు రెండు తెలుగు రాష్ట్రములలోను లభించును. ఇ.సి.జి. తీయుటకు పట్టు కాలము కొద్ది నిమిషములే. త్రేనుపు వచ్చి కొంత తెరపి కలిగినంత మాత్రమున గుండె నిర్దోషి యని మనము తీర్పు చెప్పరాదు.

ఇక పుండు మాట. మన ప్రాంతమున ఈ నిందను చిరకాలముగా మోయుచున్నది మిరపకాయ. గుంటూరు మిరప పేరు చెప్పగనే కడుపులో పుండ్లు పడునని బెదరించువారు కలరు. దక్షిణభారతమున ఇట్టి వ్రణములు మెండని వెనుకటి శస్త్రవైద్యులు గుర్తించిన మాట నిజము. 1922, 1924 సంవత్సరముల ఎవరెస్టు యాత్రలలో పాల్గొన్న సోమర్‌వెల్ అను ఆంగ్ల వైద్యుడు తిరువాన్కూరు సంస్థానములోని నెయ్యూరు వైద్యశాలలో పనిచేయుచు, ఈ వ్రణములకు పెక్కు శస్త్రచికిత్సలు చేసెను. ఆ కాలమున కారమును, ఆందోళనను, ఆమ్లమును కారణములుగా చెప్పుకొనెడివారు.

ఆ అభిప్రాయమును తలక్రిందులు చేసినవారు ఆస్ట్రేలియాలోని పెర్త్ నగర వైద్యులు రాబిన్ వారెన్, బారీ మార్షల్ అనువారు. రోగుల జీర్ణాశయపు పొరలలో మెలితిరిగిన సూక్ష్మజీవి నొకదానిని వారెన్ సూక్ష్మదర్శినిలో చూచియుండెను. 1982లో వారు దానిని ప్రయోగశాలలో పెంచగలిగిరి. అంతటి ఆమ్లములో సూక్ష్మజీవి బ్రతుకునా యని పలువురు నమ్మరైరి. 1984లో మార్షల్ ఆ జీవులున్న ద్రవమును తానే త్రాగి, కొద్ది దినములలో జీర్ణాశయపు వాపు తెచ్చుకొని, తన మాటను తన దేహము మీదనే నిరూపించెను. 2005లో వారిరువురికిని నోబెల్ బహుమానము లభించినది. ఆ సూక్ష్మజీవి పేరు హెలికోబాక్టర్ పైలోరి.

ఇది సాధారణముగా బాల్యముననే, తరచుగా ఇంటిలోనివారి నుండియే సంక్రమించును. దీనిని మోయువారిలో అధికులకు ఏ బాధయు ఉండదు. కొందరికి వ్రణము ఏర్పడును; మరి కొద్దిమందికి ఏండ్లు గడచిన పిమ్మట జీర్ణాశయపు కాన్సరుగా పరిణమించును. 1994లో అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ దీనిని కాన్సరు కారకముల మొదటి శ్రేణిలో చేర్చినది. శ్వాసపరీక్ష వలనను, మలపరీక్ష వలనను దీని ఉనికి తెలియును. ఆమ్లమును తగ్గించు మందుతోపాటు రెండు మూడు సూక్ష్మజీవినాశక ఔషధములను, సాధారణముగా 14 దినములు, తప్పక వాడవలసి యుండును. నాలుగు దినములకే నెమ్మదించినదని మానివేసినచో మిగిలిన సూక్ష్మజీవులు ఆ మందులకు లొంగనివిగా మారవచ్చును. మిరపకాయ ఉన్న పుండును మండింపవచ్చును గాని, పుండును పుట్టించు మూలము అది కాదు. నిలువపచ్చళ్ళలో మనము జంకవలసినది కారమునకంటె ఉప్పునకు. అధిక లవణమునకును జీర్ణాశయపు కాన్సరునకును సంబంధము కలదు.

పుండ్లకు రెండవ ముఖ్యకారణము మన ఇండ్లలోని మందుల డబ్బాలోనే ఉన్నది. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వంటి నొప్పి నివారక ఔషధములు జీర్ణాశయపు లోపలి పొరకు రక్షణ కల్పించు పదార్థములను దేహము తయారుచేయకుండ అడ్డగించును. కవచము పలుచబడగా, అన్నమును కరగించు ఆమ్లము ఆ పొరనే కొరుకును. భోజనము తరువాత వేసికొన్నచో భయము లేదని పలువురు తలంతురు. ఆ మందు రక్తములో కలిసిన పిదపను ఇదే పని చేయును గనుక ఆ ధైర్యము సగమే నిజము.

మోకాళ్ళ నొప్పులు గల వృద్ధులున్న గృహములు ఈ సంగతిని ముఖ్యముగా గమనింపవలెను. వారు మాసముల తరబడి ఈ బిళ్ళలను వైద్యుని అడుగకయే వాడుచుందురు. పుండు ఏర్పడినను, నొప్పిని అణచునది ఆ బిళ్ళయే గనుక, నొప్పి తెలియకపోవచ్చును. తొలి గుర్తు ఒక్కొక్కప్పుడు తారువలె నల్లగా, జిగటగా, దుర్వాసనతో అగు విరేచనము మాత్రమే. అది లోపల రక్తము స్రవించుచున్నదనుటకు సూచన. ఇనుము బిళ్ళలు వాడువారికిని మలము నల్లబడును. ఆ రెంటి భేదమును వైద్యుడే తేల్చవలెను. సిగ్గుచేతనో, సామాన్యమనుకొనియో ఈ సంగతిని ఇంటిలో చెప్పనివారు పలువురు. పెద్దవారిని మర్యాదగా అడిగి తెలిసికొనుట పిల్లల విధి. అయితే గుండెజబ్బునకై వైద్యుడు వ్రాసిన ఆస్పిరిన్‌ను ఈ భయముచేత తమంతట తాము మానరాదు. వ్రాసిన వైద్యునితో చెప్పి, కడుపునకు రక్షణగా మరొక మందు అవసరమేమో తెలిసికొనవలెను.

ఆమ్లమును తగ్గించు బిళ్ళల మాట కూడ చెప్పవలెను. 1988లో వాడుకలోనికి వచ్చిన ఒమెప్రజోల్, ఆ తరువాత వచ్చిన పాంటొప్రజోల్ మొదలగునవి మేలైన ఔషధములే. ఒకప్పుడు కత్తితో కోయవలసిన పుండ్లను నేడు అవి మాన్పుచున్నవి. దోషము మందులో లేదు. గడువు లేని వాడుకలో ఉన్నది. వైద్యుడు 4 వారములకు వ్రాసిన బిళ్ళ నాలుగేండ్లు సాగుట మన ఇండ్లలో వింత కాదు. జీర్ణాశయములో పెరుగుచున్న కాన్సరు బాధను కూడ ఈ బిళ్ళ కొంతకాలము శమింపజేయవచ్చును. బాధ తగ్గినది గదా యని ఊరకున్నచో, చికిత్సకు అనువైన కాలము జారిపోవును.

గుండెలో మంట తరచుగా కలుగువారికి మందుకంటె ముందు చేయదగినవి కొన్ని కలవు. ఆమ్లము అన్ననాళములోనికి ఎగదన్నుటయే ఆ మంటకు సామాన్యకారణము. రాత్రి భోజనమునకును నిద్రకును నడుమ మూడు గంటలు ఎడముండవలెను. మధ్యాహ్నము తిన్న వెంటనే నడుము వాల్చు అలవాటు మానవలెను. మంచపు తలవైపు కోళ్ళ క్రింద అరడుగు ఎత్తున ఇటుకలు పెట్టి, ఎడమప్రక్కకు తిరిగి పండుకొన్నచో ఎగదన్నుట తగ్గును. పొట్ట చుట్టుకొలత తగ్గినచో అన్ననాళము మీది ఒత్తిడియు తగ్గును. పొగాకు, మద్యము ఈ మంటను హెచ్చించును. పొగ త్రాగుట పుండు మానుటను సైతము ఆలస్యము చేయును. మలబద్ధకము గలవారు జొన్న, రాగి, ఆకుకూర, పండ్లు, తగినంత నీరు పుచ్చుకొనుచు, దినమునకు అరగంట నడచినచో విరేచనపు మందుల అవసరము చాలవరకు తప్పును.

ఇక జీర్ణకోశ నిపుణుని వద్దకు పోవలసిన సమయమేది? ఈ గుర్తులను గుర్తుంచుకొనుడు. మ్రింగుడు పడకుండుట, ప్రయత్నింపకయే బరువు తగ్గుట, రక్తహీనత, రక్తపు వాంతి, నల్లని విరేచనము గాని రక్తముతో కూడిన విరేచనము గాని, విడువని వాంతులు, పచ్చకామెరలు, మలవిసర్జన అలవాటు కారణము లేకయే మారి, కొన్ని వారములు అట్లే యుండుట. నలుబది, ఏబది ఏండ్లు దాటిన పిదప మొదటిసారిగా అజీర్తి ఆరంభమగుటయు ఉపేక్షింపదగినది కాదు. క్రొవ్వు గల భోజనము తరువాత కుడి ప్రక్కటెముకల క్రింద పోటు పుట్టి వీపునకు పాకినచో పిత్తాశయములో రాళ్ళున్నవేమో చూడవలెను.

ఎండోస్కోపు అనగనే జంకువారు కలరు. వంగెడు గాజుపోగుల గొట్టముతో జీర్ణాశయమును చూచు సాధనమును 1957లో అమెరికాలో హిర్షోవిట్జ్ అను వైద్యుడు ప్రదర్శించెను. నేటి గొట్టము సుమారు చిటికెనవ్రేలి మందమున నుండి, కొననే చిన్న కెమెరాను ధరించియుండును. పరగడుపున చేయు ఈ పరీక్ష చాలవరకు పది నిమిషములలో ముగియును. ప్రతి ఉబ్బరమునకును ఇది అవసరము లేదు. పైన చెప్పిన గుర్తులున్నవారికి మాత్రము దీనిని వాయిదా వేయుట తగదు. తల్లిదండ్రులలో గాని, తోబుట్టువులలో గాని ఒకరికి పెద్దప్రేగు కాన్సరు వచ్చియున్నచో, మిగిలినవారు ఏ బాధయు లేకున్నను 40వ ఏట, లేదా ఆ బంధువునకు రోగము బయటపడిన వయస్సునకు 10 ఏండ్లు ముందుగా, ఏది ముందు వచ్చిన అప్పుడు, పెద్దప్రేగు పరీక్ష చేయించుకొనవలెనని నిపుణులు సలహా యిత్తురు. ఆ కాన్సరు పెక్కుమారులు చిన్న పిలకగా మొదలై ఏండ్ల తరబడి నెమ్మదిగా పెరుగును. పిలకగా నున్నపుడే తీసివేసినచో వ్యాధి పుట్టకయే పోవును. రోగము రాకముందే వైద్యుని కలిసికొనుట వలన కలుగు లాభమునకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణము లేదు.

వైద్యుని వద్దకు పోవుటకు ముందు రెండు వారములపాటు ఒక చిన్న పుస్తకములో ఈ సంగతులు వ్రాసికొనుడు: బాధ ఎచట కలిగినది, ఎప్పుడు కలిగినది, ఏమి తిన్న పిదప కలిగినది, ఎంతసేపున్నది, ఏ బిళ్ళలు వేసికొంటిమి, బరువెంత. హెచ్చరిక గుర్తులున్నవారు మాత్రము ఈ రెండు వారములకై ఆగక, వెంటనే పోవలెను. ‘గాస్’ అను మాటను ఆ పుస్తకములో వ్రాయవద్దు. దానికి బదులు బాధను ఉన్నదున్నట్లు వర్ణింపుడు. మంటను మంటయనియు, పోటును పోటనియు, ఉబ్బరమును ఉబ్బరమనియు వ్రాసిన నాలుగు పంక్తులు, నిపుణుని చేతికి సగము రోగనిర్ణయమును అందించును.