‘ఆత్రేయపురం’లో అక్షరాలెన్ని?

గోదావరి డెల్టాలోని ఆత్రేయపురం పేరు వినగానే పూతరేకులు స్ఫురిస్తాయి. 2023లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అక్కడి వర్తకుడొకడు ఒక వెబ్‌సైటులో తన ఊరి పేరును తెలుగులో నమోదు చేశాడనుకొందాం. అది డేటాబేసులోకి చేరి, తిరిగి తెరపైకి చెక్కుచెదరకుండా రావాలి. ఇది చూడడానికి సులభమే గాని, నిజానికి అంత సులభం కాదు.

ఛందస్సు చదివిన విద్యార్థి ‘ఆత్రేయపురం’లో ఐదు అక్షరాలున్నాయని వెంటనే చెప్పగలడు. కంప్యూటరు లెక్క వేరు. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి రూపంలోనే తెలుగుకు చోటు దక్కింది. 3072 నుండి 3199 వరకు గల సంఖ్యలు మన లిపివి. ‘ఆ’ సంఖ్య 3078. మనకు ఒకే అక్షరమైన ‘త్రే’ యంత్రానికి నాలుగు సంకేతాలు: తకారం, పొల్లు, రకారం, ఏత్వం. ఈ విధంగా ఊరి పేరుకు 10 సంకేతాలవుతాయి. యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికి 3 బైట్ల చొప్పున మొత్తం 30 బైట్లు కావాలి.

ఇంగ్లీషు పేర్లను దృష్టిలో పెట్టుకొని 20 బైట్ల గడిని ఏర్పరిస్తే ఏమవుతుంది? కొన్ని డేటాబేసులు ఈ పేరును తిరస్కరిస్తాయి. కొన్ని ప్రోగ్రాములు 20వ బైటు వద్ద నిర్దయగా ఖండిస్తాయి. ‘ఆత్రేయ’ వరకు 18 బైట్లు; తక్కిన రెండూ పకారపు తునకలు. మహర్షి మిగిలి పురం పోతుందన్నమాట!

అంతకంటే పెద్ద నష్టం మరొకటి ఉంది. పేజీ, ప్రోగ్రాము, డేటాబేసు, వాటి నడుమ గల అనుసంధానం అన్నీ యూటీఎఫ్-8నే పాటించాలి. ఏ ఒక్కచోటనైనా యూరపు లిపులకు మాత్రమే సరిపోయే పద్ధతి ఉంటే, అక్కడ పది సంకేతాలూ పది ప్రశ్నార్థకాలుగా మారవచ్చు. వింత గుర్తులుగా కనిపించే పాఠాన్ని తరచుగా బాగుచేయవచ్చును. ప్రశ్నార్థకాలుగా నిల్వ అయిన పాఠం మాత్రం తిరిగి రాదు. మైఎస్‌క్యూఎల్‌లో ‘యూటీఎఫ్8ఎంబీ4’ను ఎంచుకోవడం మేలు. తెలుగుకు 3 బైట్లు చాలినా, పక్కనే చేర్చే బొమ్మగుర్తులకు 4 బైట్లు కావాలి.

ఇక వెదకడం. ‘రైతు’లోని ఐత్వాన్ని ఒకే సంకేతంగాను, ఎత్వము మరొక గుర్తు కలిపి రెండు సంకేతాలుగాను వ్రాయవచ్చు. కంటికి రెండూ ఒకటే, యంత్రానికి వేర్వేరు. తాళపత్ర ప్రతులలో పాఠభేదాలు ఎదురైనప్పుడు సి.పి. బ్రౌన్ పండితులచేత ప్రతులను పోల్చి చూపించి పాఠ నిర్ణయం చేయించాడు. అటువంటి పరిష్కరణే ఇక్కడా అవసరం. నిల్వ చేయడానికి ముందే రెండు రూపాలను ఒకటిగా మార్చాలి. ‘రాజ్‌కుమార్’ వంటి పేర్లలో పొల్లు తరువాత కంటికి కనిపించని విభాజక సంకేతం ఉంటుంది. ఈ మార్పిడి దానిని తొలగించదు. అది లేకుంటే ‘రాజ్కుమార్’ అని ఒత్తు పడుతుంది. కనుక నిల్వలో దానిని ఉంచి, వెదకేటప్పుడు మాత్రం విడిచిపెట్టాలి.