ఆదివారపు విశ్రాంతి

శనివారము సాయంకాలము బడిగంట మ్రోగినతోడనే కాళ్లు ఇల్లు చేరును గాని, మనస్సు తరగతిగదిలోనే నిలిచిపోవును. దిద్దవలసిన వ్యాసపుస్తకముల కట్టను మేము ప్రతివారము ఇంటికి మోసికొనిపోయెడివారము. ఆదివారము దానిని విప్పుట అరుదు. మఱచుట అంతకంటె అరుదు. మా చిన్నకుమార్తె పలుకరించినను వినిపించెడిది కాదు. ఒకనాడు ఆ బాలిక పిలుచుట మాని, కట్టమీద తన బొమ్మను పరుండబెట్టి వెళ్లిపోయెను.

ముగిసిన పనికంటె నడుమ నిలిచిన పనియే ఎక్కువగా జ్ఞాపకముండునని బ్లూమా జైగార్నిక్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞురాలు 1927లో ప్రకటించెను. కావున మఱచిపొమ్మని మనస్సును గద్దించిన ఫలము లేదు. ఆ బరువును కాగితమునకు అప్పగింపవలెను. 2018లో అమెరికాలోని బేలరు విశ్వవిద్యాలయమువారు 57 మందిని పరీక్షించిన ఫలితములను ప్రకటించిరి. పరుండుటకు ముందు 5 నిమిషములు రాబోవు పనులను వ్రాసినవారు, ముగించిన పనులను వ్రాసినవారికంటె సుమారు 9 నిమిషములు ముందుగా నిద్రించిరి. ఎంత వివరముగా వ్రాసిన అంత త్వరగా నిద్ర పట్టెనట!

ఇప్పుడు మేము ఏ తరగతి పుస్తకములను సోమవారము ఏ గంటలో దిద్దుదుమో వ్రాసి, బల్లసొరుగున నుంచి, పిదప గదికి తాళము వేయుచున్నాము. “వ్యాసములు దిద్దవలెను” అని ఊరక వ్రాసిన చాలదు. కట్టయు బడిలోనే యుండును. తొలి రెండు ఆదివారములు చేతులకు ఏమియు తోచలేదు. మూడవవారము కుమార్తెతో చెరువుగట్టునకు పోయి, ఆమె చెప్పిన కథను తుదివరకు వింటిమి.