గాడ్జిల్లా మళ్ళీ పుడితే

బదిలీ మీద కొత్త ఊరికి వెళ్ళే పిల్లలకు ఒక వెసులుబాటు ఉంటుంది. పాత బడిలో పడిన ముద్దుపేరు, ఓడిపోయిన పందెం, స్నేహితులతో పడిన తగాదా కొత్త బడిలో ఎవరికీ తెలియవు. హాజరుపట్టీలో పేరు మారదు, కథ మాత్రం మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది. సినిమావాళ్ళు ఇలాంటి పనినే రీబూట్ అంటారు. కంప్యూటర్‌ను ఆపి మళ్ళీ ఆన్ చేయడం నుంచి వచ్చిన మాట ఇది. సీక్వెల్ అంటే పాత కథకు కొనసాగింపు. రీమేక్ అంటే అదే కథను మరోసారి తీయడం. రీబూట్‌లో పాత్ర పేరూ రూపమూ ఉంచుకుని, పాత సినిమాల్లో జరిగినదాన్ని పక్కన పెట్టి కొత్తగా మొదలుపెడతారు.

మరి అలా మొదలుపెట్టేటప్పుడు ఏది ఉంచాలి, ఏది వదిలేయాలి? నాకు ఎంతో ఇష్టమైన గాడ్జిల్లాను ఉదాహరణగా తీసుకుని చెబుతాను. 2021లో వచ్చిన ‘గాడ్జిల్లా వర్సెస్ కాంగ్’ తెలుగులో కూడా విడుదలైంది కనుక ఆ పేరు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఆ వరుసకు మొదటి మెట్టు 2014లో హాలీవుడ్ తీసిన ‘గాడ్జిల్లా’. దాన్ని చూస్తే నాకు సగం సంతోషం, సగం బాధ. రెండూ ఎందుకో తెలియాలంటే ముందు అది ఎలా పుట్టిందో తెలియాలి.

బూడిదలోంచి పుట్టిన కథ

1954 మార్చి 1న పసిఫిక్ మహాసముద్రంలోని బికినీ దీవుల్లో అమెరికా ఒక హైడ్రోజన్ బాంబును పరీక్షించింది. హిరోషిమా మీద వేసిన బాంబు కన్నా దాని శక్తి సుమారు వెయ్యి రెట్లు. ఆ సమయానికి దూరంగా ఒక జపాన్ పడవ చేపల వేటలో ఉంది. దాని పేరు దైగో ఫుకుర్యు మారు. పేరులో అదృష్టం ఉంది కానీ పడవకు లేకపోయింది. కొన్ని గంటల తరువాత దానిమీద తెల్లటి బూడిద రాలింది. పడవలోని 23 మందికీ రేడియేషన్ వల్ల జబ్బు చేసింది. వారిలో వైర్‌లెస్ ఆపరేటర్ సెప్టెంబరులో చనిపోయాడు. ఆ పడవను ఇప్పటికీ టోక్యోలో ఒక ప్రదర్శనశాలలో భద్రంగా ఉంచారు.

అదే సంవత్సరం నవంబరు 3న టోహో సంస్థ ‘గొజిరా’ అనే సినిమాను విడుదల చేసింది. జపాన్ భాషలో గొరిల్లాను గొరిరా అనీ, తిమింగలాన్ని కుజిరా అనీ అంటారు. రెండూ కలిస్తే గొజిరా. అదే ప్రపంచం నోట గాడ్జిల్లా అయింది. దర్శకుడు ఇషిరో హోండా యుద్ధం ముగిశాక సైన్యం నుంచి ఇంటికి వస్తూ హిరోషిమా శిథిలాలను కళ్ళారా చూసినవాడు.

అప్పట్లో కంప్యూటర్ గ్రాఫిక్స్ లేవు. రబ్బరు వేషం తొడుక్కున్న నటుడు బొమ్మ ఇళ్ళ మధ్య నడుస్తుంటే కెమెరాతో తీశారు. సంగీత దర్శకుడు అకిరా ఇఫుకుబే గాడ్జిల్లా అరుపు కోసం పెద్ద తంత్రీ వాద్యం తీగను తోలు చేతితొడుగుతో లాగించాడు. ఈ రోజు చూసినా ఆ అరుపు వింటే ఒళ్ళు జలదరిస్తుంది.

కథ సూటిగా ఉంటుంది. సముద్రం అడుగున ఎవరి జోలికీ పోకుండా ఉన్న జంతువును హైడ్రోజన్ బాంబు పరీక్షలు కదిలిస్తాయి. అది టోక్యో మీద పడుతుంది. దాన్ని చంపగల ఆయుధం సెరిజావా అనే యువ శాస్త్రవేత్త దగ్గర ఉంది. కానీ అది పాలకుల చేతికి చిక్కితే ఇంకో బాంబు అవుతుందని అతని భయం. చివరికి తన కాగితాలన్నీ కాల్చేసి, ఆయుధంతో సముద్రంలో దిగి, గాడ్జిల్లాతో పాటు తానూ చనిపోతాడు. రహస్యం అతనితోనే పోతుంది. రాక్షసి చచ్చినా సినిమా విషాదంగానే ముగుస్తుంది.

సగం సంతోషం

ఇక 2014 సినిమా. దర్శకుడు గారెత్ ఎడ్వర్డ్స్. నాకు నచ్చినవి ముందు చెబుతాను. మొదటి గాడ్జిల్లా ఎత్తు 50 మీటర్లు. మన కుతుబ్ మినార్ సుమారు 73 మీటర్లు కనుక దానికన్నా పొట్టిదే. కొత్త గాడ్జిల్లా 108 మీటర్లు, అంటే కుతుబ్ మినార్‌కు దాదాపు ఒకటిన్నర రెట్లు. ఆ ఎత్తును ఎడ్వర్డ్స్ నేల మీద నిలబడిన మనిషి కంటితో చూపిస్తాడు. ఒకసారి పాదం, ఒకసారి తోక, ఒకసారి పొగలో వీపు. చీకట్లో వీపు మీది ముళ్ళు ఒక్కొక్కటిగా నీలంగా వెలిగి, నోట్లోంచి మంట బయటికి వచ్చే దృశ్యం నేను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు.

రెండు గంటల సినిమాలో గాడ్జిల్లా పట్టుమని పావుగంట కూడా కనిపించదని చాలామంది విసుక్కున్నారు. హొనొలులు విమానాశ్రయంలో అది పోరుకు దిగగానే సినిమా ఇంకెక్కడో టీవీ చూస్తున్న పిల్లవాడి దగ్గరకు వెళ్ళిపోతుంది. విస్తరి వేసి అన్నం వడ్డించకుండా వెళ్ళిపోయినట్టే. అయినా నాకు ఆ ఎదురుచూపు ఇష్టమే.

సగం బాధ

నా బాధ అది కనిపించే నిమిషాల గురించి కాదు. ఈ సినిమాలో 1954 నాటి బికినీ పేలుళ్ళు నిజానికి పరీక్షలు కావట. గాడ్జిల్లాను చంపడానికి చేసిన ప్రయత్నాలట! ఈ ఒక్క మార్పుతో కథ తలకిందులైంది. పాత కథలో బాంబు నేరం, గాడ్జిల్లా దాని ఫలితం. కొత్త కథలో గాడ్జిల్లా ముందే ఉంది, బాంబు దానికి జవాబు. సినిమా చివర ఒక అణుబాంబు నగరానికి దూరంగా సముద్రంలో పేలుతుంది. ఆ బూడిద ఎవరి మీద రాలిందో కథ అడగదు. 1954లో ఆ బూడిద రాలింది కాబట్టే ఈ కథ పుట్టిందన్న సంగతి తెలిసినవారికి అక్కడ మనసు చివుక్కుమంటుంది.

ఇందులోనూ సెరిజావా పేరుతో ఒక శాస్త్రవేత్త ఉన్నాడు. కెన్ వతనబే ఆ పాత్ర వేశాడు. హిరోషిమాలో 8:15 గంటలకు ఆగిపోయిన తన తండ్రి గడియారాన్ని అతను సైన్యాధికారికి చూపించే చోటు నాకు చాలా ఇష్టం. కానీ 2019లో వచ్చిన తరువాతి సినిమాలో ఇతనే అణుబాంబు పేల్చి గాడ్జిల్లాకు ప్రాణం పోస్తూ చనిపోతాడు. పాత సెరిజావా ఆయుధం ఎవరికీ దక్కకూడదని చనిపోయాడు. కొత్త సెరిజావా చేతిలో ఆయుధం మందు అయిపోయింది.

నిజాయతీగా ఇంకో మాట కూడా చెప్పాలి. గాడ్జిల్లాను వీరుణ్ణి చేసింది హాలీవుడ్ మాత్రమే కాదు. 1964లోనే జపాన్ సినిమాల్లో అది మూడు తలల రాక్షసితో పోరాడి లోకాన్ని కాపాడింది. ఆ సరదా సినిమాలూ నాకు ఇష్టమే. అయితే అవి బికినీ పేలుళ్ళకు కొత్త సాకు వెతకలేదు.

మళ్ళీ చెప్పడం తప్పా?

కానే కాదు. రామాయణాన్ని తెలుగులో ఎందరు చెప్పలేదు? రంగనాథ రామాయణం ఉండగా మొల్ల మళ్ళీ చెప్పింది. ఆ తరువాత ఎందరో చెప్పాక విశ్వనాథ సత్యనారాయణ కల్పవృక్షం రాశారు. ఎవరి నడక వారిదే. కానీ సీతను ఎత్తుకుపోయింది రావణుడన్న సంగతిని ఎవరూ మార్చలేదు. కొమ్మలు ఎన్ని కత్తిరించినా చెట్టు చిగురిస్తుంది, వేరు తెగితేనే కష్టం.

వేరు తెగకుండా కొత్తగా చెప్పవచ్చని జపాన్ దర్శకుడు తకాషి యమజాకి 2023లో ‘గాడ్జిల్లా మైనస్ వన్’తో చూపించాడు. అందులో కథ యుద్ధానంతర జపాన్‌లో జరుగుతుంది, మనుషులు కొత్తవాళ్ళు, గ్రాఫిక్స్ ఈ కాలానివి. గాడ్జిల్లాను అంత భయంకరంగా మార్చింది మాత్రం మళ్ళీ బికినీ బాంబే. ఆ సినిమాకు 2024లో విజువల్ ఎఫెక్ట్స్ విభాగంలో ఆస్కార్ వచ్చింది.

పిల్లలూ, ఈసారి ఏ పాత కథ కొత్త వేషంలో వచ్చినా హాయిగా చూడండి, ఈలలు వేయండి. ఇంటికి వచ్చాక రాక్షసి ఎంత ఎత్తుందని మాత్రమే కాక, దాన్ని నిద్ర లేపింది ఎవరని కూడా అడగండి. పాత కథ చెప్పిన జవాబే కొత్త కథ చెబుతోందా అని చూడండి. ఒకవేళ జవాబు మారితే, ఆ మార్పు వల్ల తప్పు ఎవరి మీద నుంచి తొలగిపోయిందో ఆలోచించండి.