మూసీ లోయలో సైకిలు యాత్ర

దూరదేశముల నదులను, కోటలను గూర్చి చదువునపుడు ఎంతో యుత్సాహము చూపు మన మనస్సు, పొలిమేర దాటగానే కనబడు నదిని చూడబోవుటకు మాత్రము బద్ధకించును. ఈ దోషము మాయందును చిరకాలముగా నుండినది. నేరేడుచర్లకు కోడలిగా వచ్చి పదునేడేండ్లు గడచినను, మూసీ కృష్ణలో కలియు చోటును మేము చూచియుండలేదు. మిర్యాలగూడకు పోవు బస్సు కిటికీలోనుండి మూసీ వంతెనను మాత్రమే యెఱుగుదుము.

గత వేసవిలో మా పంతులుగారు బడినుండి ఒక సచిత్ర గ్రంథమును తెచ్చిరి. ఫ్రాన్సుదేశమున లువార్ నది వెంబడి సైకిళ్లపై తిరుగువారి వృత్తాంతము అందు కలదు. ఆ దారి పొడవు ఇంచుమించు 900 కిలోమీటర్లు. నదిగట్లు, ద్రాక్షతోటలు, పాత రాజసౌధములు, రాతిగోడల పల్లెలు దాని కిరువైపుల నున్నవి. తారులేని బాటలకొరకు 'గ్రావెల్ బైకు' అను నొకజాతి సైకిలు ఇప్పుడు ప్రచారములో నున్నది. దాని పిడి పందెపు సైకిలు పిడివలె వంగియుండును. టైర్లు మాత్రము వెడల్పై గరుకుగా నుండును. పటములను చూచి ముగిసిన పిమ్మట పంతులుగారు నవ్వి, "నదియు, కంకరయు, పాత గుడులును మనకు లేవా?" అనిరి. ఆ మాటయే మా యాత్రకు బీజమైనది.

మా యింట సైకిలు లేకపోలేదు. మా పెద్దమ్మాయిది, అడ్డుకమ్మి లేని ఆడపిల్లల సైకిలు, రెండేండ్లుగా వసారాలో గోడకానియుండెను. పిల్ల పెద్దమనిషియైన నాటినుండి మా అత్తగారు దానిని ముట్టనీయలేదు. "నలుగురు సూస్తె ఏమనుకుంటరు, బిడ్డా?" అన్నది ఆమె వాదము. ఆమె పెరిగిన కాలమును తలచినచో ఆ భయము అర్థము కానిది కాదు. పిల్ల మారుమాటాడక బడికి నడచిపోవుచుండెను. మేమును మాటాడకుంటిమి. ఆ మౌనమునకు ఇప్పుడు సిగ్గుపడుచున్నాము.

తెల్లవారుజామున, ఊరు మేల్కొనకముందు, మేము ఆ సైకిలు నడుప నేర్చుకొంటిమి. పంతులుగారు వెనుక సీటు పట్టుకొని పరుగెత్తెడివారు. ఎడమకాలువ గట్టు మా పాఠశాలయైనది. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు విడిచిరి. మెట్టపంటల నేలలో వరి పచ్చబడినది ఆ నీటివలననే. ఇన్నియేండ్లు ఆ నీటితో పండిన యన్నము తినుచు, ఆ గట్టుపై ఒకనాడైనను నడువని మాకు ఆ యుదయములు క్రొత్తలోకమువలె తోచినవి. కొంగలు, తూముల చప్పుడు, తడిమన్ను వాసన!

నాలుగవనాడు కంకరపై ముందుచక్రము జారి పడితిమి. మోకాలు చెక్కుకొనిపోయినది. గేదెలను తోలుకొనిపోవు పిల్లవాడొకడు తప్ప చూచినవారు లేరు గాని, మధ్యాహ్నమునకు ఆ వార్త వీధి వీధి తిరిగెను. మా అత్తగారు ఒక్కమాటయు అనలేదు. కొబ్బరినూనెలో పసుపు కలిపి తెచ్చి, గాయమున కద్ది, లోనికి పోయిరి. తిట్టినను అంత బాధ కలుగకుండెడిది.

సైకిలెక్కిన స్త్రీకి లోకమువలన వచ్చు చిక్కులు మన దేశమునందే కలవనుకొనరాదు. పారిసు నగరమున 1800 సంవత్సరములో, పురుషునివలె లాగు తొడుగగోరు స్త్రీ పోలీసువారి యనుమతి పొందవలెనని ఉత్తర్వు పుట్టెను. 1892లోను, 1909లోను దానిని సడలించిరి. ఎట్లనగా, చేత గుఱ్ఱపు కళ్లెమైనను, సైకిలు పిడియైనను ఉన్నచో లాగు తప్పు కాదట! ఆ ఉత్తర్వు చెల్లదని ప్రభుత్వము ప్రకటించినది 2013లో గాని కాదు. మన పొరుగున తమిళనాటి పుదుక్కోట్టై జిల్లాలో 1990ల తొలినాళ్లలో అక్షరాస్యతోద్యమముతోబాటు సైకిలు నేర్పుటయు సాగినది. వేలకొలది పల్లెస్త్రీలు, కూలికి పోవువారు సైతము, సైకిలు నేర్చిరి. బస్సుకొరకు గంటలతరబడి నిలుచు పని వారికి తగ్గినది. పలుక నేర్చినంతనే సరిపోదు, పోవలసినచోటికి తామే పోవలెనని ఆ యుద్యమము నడపినవారు గ్రహించిరి గాబోలు.

కార్తికమాసమున మా మొదటి యాత్ర వాడపల్లికి. పంతులుగారి పాత సైకిలొకటి, మా యమ్మాయి సైకిలొకటి. మిర్యాలగూడలో బంధువులయింట రాత్రి గడపి, వేకువనే బయలుదేరి దామరచర్లమీదుగా పోతిమి. అనంతగిరి కొండలలో పుట్టి, హైదరాబాదు నడుమ పాఱి, ఆ మహానగరపు మురికినంతయు మోసికొని వచ్చు మూసీ ఇచ్చట కృష్ణను చేరును. ఒడ్డున నిలిచి చూచినపుడు, ఎవరో చేసిన మాలిన్యమునకు తాను నిందపడు ఇల్లాలివలె ఆ నది మాకు కనబడెను. సంగమముచెంత మీనాక్షీ అగస్త్యేశ్వరుల యాలయము కలదు. బోయవాని బారినుండి పక్షిని కాచుటకై శివుడు తన శిరస్సునే యిచ్చెనని, అందుచేత లింగముపై ఏర్పడిన గుంటలో నీరు తరుగదని అచ్చటి ఐతిహ్యము. నరసింహాలయమున స్వామి ముఖమునకు సమమైన దీపము ఆయన యూపిరికి కదలునందురు. ఆవలిగట్టు పల్నాడు. నాయకురాలు నాగమ్మ మంత్రాంగము నడపిన సీమ అదియే కదా యని తలచుచు చాలసేపు కూర్చుంటిమి.

మరియొక ఆదివారము పాలకీడు వైపు జాన్‌పహాడ్ దర్గాకు పోతిమి. హిందువులు, ముసల్మానులు సమముగా మ్రొక్కుకొను చోటిది. మా సీమలో ప్రతి పల్లెయందును సైదులు అను పేరుగల హిందూబాలు రెందరో యుందురు. ఆ పేరు ఈ దర్గానుండి వచ్చినదే. పేర్లు పిలుచుచు బ్రతికినను, అవి యెచ్చటినుండి వచ్చినవో చూడబోవుట మాకు ఇదే మొదలు.

ఇక పిల్లలమఱ్ఱి. సూర్యాపేటకు చేరువనున్న ఈ పల్లెను గూర్చి బాల్యమున మా నాయనగారు జైమినిభారతము చెప్పునపుడు వినియుంటిమి. ఆ కావ్యమును, శృంగారశాకుంతలమును రచించిన పినవీరభద్రకవి యింటిపేరు ఈ యూరిపేరే. ఆ కావ్యమున ధర్మరాజు యాగాశ్వమును పట్టి కట్టి, అర్జునుని నిలువరించిన ప్రమీలకథ మాకు మిక్కిలి యిష్టము. పిల్లలమఱ్ఱి దారిలో సైకిలు తొక్కుచున్నప్పుడు ఆ కథ తలపునకు వచ్చి నవ్వుకొంటిమి. మా యశ్వమునకు గడ్డి వేయనక్కరలేదు, గాలి కొట్టిన చాలును!

కాకతీయులకు సామంతులైన రేచర్ల రెడ్లు ఈ గుడులను కట్టించిరి. నామేశ్వరాలయము నామిరెడ్డి పేరిటిది. ఈ యూరి శాసనములలో ఒకటి 1195 నాటిది. నున్నగా మెఱయు నల్లరాతి స్తంభములపై చేయి వేసిన చల్లగా నుండును. కప్పుక్రింది దూలమున మసకబారిన రంగులలో సముద్రమథనచిత్రము నేటికిని ఆనవాలు పట్టవచ్చును. దానికి కొంతదూరమున ఎఱకేశ్వరాలయము. దీనిని 1208లో బేతిరెడ్డి భార్య ఎఱకసానమ్మ కట్టించెను. దేవునికే ఆమె పేరు వచ్చినది. ఎనిమిదివందల యేండ్లు గడచినను పూజారి సంకల్పమున ఆ స్త్రీపేరు పలుకక తప్పదు. ఆ గడపపై కూర్చుండి మేము మాటలేక యుంటిమి.

మా వలె బయలుదేరదలచిన సోదరీమణులకు అనుభవమున తెలిసికొన్న రెండు మాటలు చెప్పెదము. చైనుకు కప్పు తప్పక యుండవలెను. లేనిచో చీర కుచ్చిళ్లు చిక్కుకొనును. కంకరబాటపై టైరులో గాలి మరీ బిగువుగా నుండరాదు. ఒకింత మెత్తగా నున్నచో చక్రము నేలను పట్టును. జారుచోట ముందు బ్రేకు గట్టిగా నొక్కరాదు. కోతలకాలమున రోడ్డుపై ఆరబోసిన వడ్లు కంకరకంటె ప్రమాదకరములు. దిగి నడచుట మేలు, రైతు కష్టమును తొక్కిన పాపమును తప్పును. సిమెంటు లారీలు తిరుగు పెద్దరోడ్డు విడిచి, ఊళ్లదారిని పొండు. నీరు, చిన్న పంపు, పంక్చరు పట్టీలు, సొల్యూషను వెంట నుంచుకొనుడు. కార్తికమునుండి మాఘమువరకు కాలము అనుకూలము.

పిల్లలమఱ్ఱినుండి తిరిగివచ్చిన రాత్రి విభూతి యిచ్చి, చూచినదంతయు మా అత్తగారికి చెప్పితిమి. ఆమె బియ్యము ఏరుచు విని, చివర ఒకేమాట యడిగిరి.

"ఫలానావాని పెండ్లామని రాసిండ్రా, పేరు గూడ రాసిండ్రా?"

"పేరు కూడ వ్రాసినారు, అత్తయ్యా. గుడికే ఆమె పేరు."

ఆమె మరేమియు అనలేదు. చేట ప్రక్కనబెట్టి చాలసేపు వీధివైపు చూచుచు కూర్చుండిరి.

మఱునాటి యుదయమున మేము వాకిట ముగ్గు వేయుచుండగా, అత్తగారు వసారానుండి సైకిలును తామే నడిపించుకొనివచ్చి మెట్లవద్ద నిలిపిరి. దానిపై ధూళిని పాతగుడ్డతో తుడిచిరి. పుస్తకములసంచితో బయటకు వచ్చిన మనుమరాలితో, "మొగులు ఎఱ్ఱబడకముందే ఇంటికి రా, బిడ్డా" అనిరి. అమ్మాయి మావైపు చూచినది. మేము తల యూపితిమి. గంట మ్రోగించుకొనుచు అది వీధి మలుపు తిరుగువఱకు ముగ్గుపిండి చేతిలోనే యుండెను.

లువార్ నదీతీరమును మేము చూడబోము. ఆ కొఱత మాకు లేదు. మీ యూరికిని ఒక యేరుండును. ఆ యేటియొడ్డున ఎవరో కట్టిన గుడియో, దర్గాయో, బావియో యుండును. వసారాలో గోడకానిన సైకిలును ఉండవచ్చును. దానికి గాలి కొట్టించి చూడుడు.