హెచ్‌ఆర్ చదువు: ఎవరికి ఏ స్థాయి సరిపోతుంది?

పెనుకొండ దగ్గరి ఎర్రమంచిలో 2019లో కియా కార్ల తయారీ మొదలైంది. దాని వెంట పెనుకొండ చుట్టూ విడిభాగాల యూనిట్లు వచ్చాయి. హిందూపురం పక్కన తూముకుంట, గొల్లాపురంలో ఫ్యాక్టరీలు ఎటూ ఉన్నాయి. హెచ్‌ఆర్ చదివితే ఇంటి దగ్గరే ఉద్యోగమన్న ఆశ మన పిల్లల్లో పుట్టడం సహజం. ఆ ఆశతో పాటే కొన్ని అపోహలూ పెరిగాయి. వాటి ఖరీదు కట్టేది తల్లిదండ్రులు.

అపోహ: సర్టిఫికెట్ ఎంత పెద్దదైతే ఉద్యోగం అంత పెద్దది.

వాస్తవం: బ్రిటన్‌కు చెందిన హెచ్‌ఆర్ వృత్తి సంస్థ సీఐపీడీ ఇచ్చే అర్హతల్లో 3, 5, 7 అని మూడు స్థాయిలున్నాయి. మూడోది కొత్తవారికి, ఐదోది పని కొంత తెలిసినవారికి, ఏడోది పీజీ స్థాయి. కింది నుంచి వరసగా చదవాలన్న నియమం లేదు, తగిన స్థాయిలో నేరుగా చేరవచ్చు. అలాగని నిన్న డిగ్రీ పూర్తిచేసిన పిల్లవాడు ఏడో స్థాయికి డబ్బు పోస్తే, ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న అనుభవం గురించే వస్తుంది.

అపోహ: విదేశీ కంపెనీలో చేరాలంటే విదేశీ సర్టిఫికెట్ ఉండాలి.

వాస్తవం: యజమాని ఏ దేశంవాడైనా పెనుకొండ ఫ్యాక్టరీలో నడిచేది మన చట్టమే. అమెరికాలో పేరున్న పీహెచ్‌ఆర్ అనే హెచ్‌ఆర్ పరీక్షలో అక్కడి కార్మిక చట్టాలూ ఉంటాయి. అందుకే ఆ పరీక్ష నిర్వహించే సంస్థే బయటి దేశాలవారికి పీహెచ్‌ఆర్‌ఐ అనే పరీక్ష వేరుగా పెట్టింది. ఇక్కడ కావలసిన పనితనం వేరు. ఈఎస్‌ఐకి కార్మికుడి జీతంలో 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం ఎందుకు కడతారో, పీఎఫ్ కింద ఎంత పోయిందో, పే స్లిప్ పట్టుకుని వచ్చిన హెల్పర్‌కు అర్థమయ్యేలా చెప్పగలగాలి. టైమ్ ఆఫీసులో ఏడాది పనిచేసిన బీకాం కుర్రవాడికి ఇది వస్తుంది. అలా మొదలుపెట్టడం చిన్నతనం కాదు.

అపోహ: ఏ ఎంబీఏ ఉన్నా వెల్ఫేర్ ఆఫీసర్ కావచ్చు.

వాస్తవం: ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఇది చట్టం పెట్టమన్న పోస్టు. 1948 ఫ్యాక్టరీల చట్టం 49వ సెక్షన్ ప్రకారం 500 మంది కార్మికులున్న చోట ఈ అధికారి ఉండాల్సి వచ్చేది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా కోడ్ ఆ సంఖ్యను 250కి దించింది. అంటే మధ్యస్థాయి ఫ్యాక్టరీల్లోనూ ఈ పోస్టుకు చోటు ఏర్పడింది. అయితే అర్హత ఏమిటో నిర్ణయించేది కాలేజీ కరపత్రం కాదు, ప్రభుత్వ నియమాలు. సోషల్ వర్క్, కార్మిక సంక్షేమం వంటి సబ్జెక్టుల్లో గుర్తింపు పొందిన డిగ్రీ లేదా డిప్లొమా అడగడం చాలా రాష్ట్రాల్లో ఆనవాయితీ. ఎక్కువమంది కార్మికులు మాట్లాడే భాష రావాలన్న షరతూ ఉంటుంది. తెలుగు, కన్నడం రెండూ వచ్చిన హిందూపురం పిల్లలకు అది కలిసొచ్చే విషయం. ఫ్యాక్టరీల శాఖలో అడిగి, ఎంఎస్‌డబ్ల్యూనా, హెచ్‌ఆర్ ఎంబీఏనా అన్నది ఆ తర్వాతే తేల్చుకోవాలి.

అపోహ: దూరవిద్య డిగ్రీ చెల్లదు.

వాస్తవం: యూజీసీ అనుమతి ఉన్న విశ్వవిద్యాలయం ఇచ్చిన డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమే. చేరే ఏడాదికి ఆ కోర్సుకు అనుమతి ఉందో లేదో చూసుకుంటే చాలు.

ధర్మవరం సంగతి వేరుగా చెప్పాలి. అక్కడి పట్టు మగ్గాల మీద నేసేవారికి చీర లెక్కన కూలి ముడుతుంది, నడుమ హెచ్‌ఆర్ విభాగమంటూ ఉండదు. ఊళ్లోనే ఉండాలనుకునేవారికి జీతాల లెక్కలు, పీఎఫ్, ఈఎస్‌ఐ నేర్పే చిన్న కోర్సు చాలు. రెండేళ్ల పీజీ చదివేవారు మాత్రం పెనుకొండకో, హిందూపురానికో, బెంగళూరుకో వెళ్లడానికి ముందే సిద్ధపడాలి.

ఫీజు కట్టే ముందు మీరు చేరాలనుకుంటున్న ఫ్యాక్టరీల ఉద్యోగ ప్రకటనలు నాలుగైదు తీసి చదవండి. వాటిలో అడిగిన అర్హతే మీకు కావలసిన స్థాయి.