తొలి మోటారుసైకిళ్లు, చమురు చిక్కు

ఎద్దులబండి ఇరుసునకు కాల్చిన గడ్డిమసిని ఆముదముతో కలిపి కందెన వేయుట మన పల్లెలలో పాత వాడుక. ఆ ఆముదమే ఒకప్పుడు ఇంగ్లండులో పందెపు మోటారుసైకిళ్లను కాపాడినది.

మోటారుసైకిలు యంత్రములో పిస్టను సిలిండరు గోడను ఒరసికొనుచు నిమిషమునకు వేయి మారులకు పైగా క్రిందుమీదుగా ఆడును. నడుమ సన్నని చమురుపొర లేకున్న లోహము లోహమును పట్టుకొని యంత్రము బిగిసిపోవును. వేగముగా పోవు బండికి ఇట్లు జరిగిన నడుపువాని ప్రాణమునకే ముప్పు.

1910 ప్రాంతపు బండ్లలో, పెక్కింటికి, చమురు తనంత తాను తిరుగు ఏర్పాటు లేదు. పెట్రోలు ట్యాంకులోనే ఒక అర చమురునకు; దానికొక చేతిపంపు. కొన్ని మైళ్లకొకసారి నడుపువాడు దానిని నొక్కవలెను. క్రాంకుపెట్టెలో పడిన చమురును గిరగిర తిరుగు ఫ్లైవీలు చిమ్మగా అది గోడలకు, బేరింగులకు అందును. పిమ్మట కొంత కాలి పొగయగును, కొంత కారి రోడ్డుపాలగును. తిరిగి ట్యాంకునకు వచ్చునది లేదు.

ఎంత కొట్టవలెనన్నదే చిక్కు. తక్కువైన పిస్టను బిగియును. ఎక్కువైన స్పార్కుప్లగ్గు మసిబారి మంట రాదు. చదునుబాటలో చాలిన కొలత కొండ ఎక్కునపుడు చాలదు. వెనుక పొగ రంగును చూచి, యంత్రధ్వనిని విని ఊహింపవలసినదే. 1907 మే 28న మాన్ ద్వీపములో జరిగిన తొలి టూరిస్టు ట్రోఫీ పందెములో చార్లీ కోలియర్ మ్యాచ్‌లెస్ బండిపై 158 మైళ్లను సుమారు 4 గంటల 8 నిమిషములలో ముగించి గెలిచెను. గంటకు 38 మైళ్ల వేగము నేడు మనకు నవ్వు పుట్టింపవచ్చును. కాని ఆనాటి పందెగాండ్రు మట్టిదారిపై ఒక చేయి హ్యాండిలునుండి తీసి, చమురు కొట్టుచు పోయినవారు!

ఆనాటి ఖనిజతైలములు వేడికి నీళ్లవలె పలుచనయ్యెడివి. ఆముదమునకు కాగిన లోహమును సయితము అంటిపెట్టుకొను గుణము కలదు. అది పెట్రోలులో సులభముగా కరగదు గనుక గోడమీది పొర కడుగుకొని పోదు. 1909లో వేక్‌ఫీల్డు కంపెనీ ఆముదము కలిపిన తన చమురునకు క్యాస్ట్రాల్ అని పేరిడినది ఆముదపు ఆంగ్లనామమునుండియే. నల్లగొండ, మహబూబునగరము చెలకలలో పండు గింజల నూనెయు ఇదే జాతిది.

అయితే ఆముదమునకు ఒక దోషము కలదు. మిక్కిలి వేడికి అది బంకయగును. అందుచే పందెము ముగిసిన వెనుక మెకానిక్కు యంత్రమును విప్పి, పిస్టను రింగులకు పట్టిన జిగురును గీకి, కిరసనాయిలుతో కడుగుచు కూర్చుండెడివాడు.