పటం జరిగితే... ప్రాణాల మీదికే!

శ్రీరాంపూర్‌లాంటి బొగ్గు గనుల ప్రాంతంలో పాత సర్వే పటాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి, దానిమీద జీపీఎస్ కొలతలు వేస్తే రెండూ కలవకపోవచ్చు. సాఫ్ట్‌వేర్ పాడైందనుకుంటారు కానీ, తేడా లెక్కలో ఉంటుంది. పాత సర్వే ఆఫ్ ఇండియా పటాలది ‘ఎవరెస్ట్’ లెక్క, జీపీఎస్‌ది ‘డబ్ల్యూజీఎస్ 84’. మార్చకుండా వాడితే ఇక్కడ వంద మీటర్లకు పైగానే జరిగిపోతుంది. పటాన్ని మౌసుతో లాగి అతికించారో, అంతే సంగతులు!

ఎందుకంటే, నీళ్లు నిండిన పాత గనికి 60 మీటర్లలోపు అనుమతి లేకుండా తవ్వకూడదు. నీటి ముప్పు సింగరేణివాళ్లకు కొత్త కాదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు ముంచెత్తి 17 మంది చనిపోయారు. అమెరికాలోని క్వీక్రీక్‌లో 2002లో జరిగిన ప్రమాదానికైతే తాజా వివరాలు లేని పాత పటమే కారణం.

మరి మార్గం? ముందు పటం ఏ లెక్కలో ఉందో చూసి, సాఫ్ట్‌వేర్‌కు అదే చెప్పాలి. యూటీఎం అయితే శ్రీరాంపూర్‌ది 44వ జోన్. ఆ తర్వాత నేలమీదున్న నాలుగైదు సర్వే రాళ్ల దగ్గరికి వెళ్లి సరిచూసుకోవాలి.